సీఆర్‌ఎం ఎంపిక ఫోనెత్తే మనిషికి వదిలేయండి

"సాఫ్ట్‌వేర్ పెట్టేస్తే పద్ధతి దానంతట అదే వస్తుంది" అన్నాడు మా బావ. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఎందుకు పడలేదో కాస్త వివరంగా రాస్తాను.

తెనాలిలో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే వ్యాపారం ఆయనది. 2024 ఫిబ్రవరిలో ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చినప్పటి నుంచి ఎంక్వైరీలకు కొదవ లేదు. వచ్చిన ఎంక్వైరీని చివరిదాకా పట్టుకుని నడిపించడమే కష్టమవుతోంది. డీలర్ల మీటింగులో ఎవరో "సీఆర్‌ఎం లేకపోతే సగం లీడ్లు చేజారిపోతాయి" అన్నారట. సీఆర్‌ఎం అంటే ఏ కస్టమర్‌తో ఏం మాట్లాడాం, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి అన్నది రాసి పెట్టుకునే సాఫ్ట్‌వేర్. లీడ్ అంటే కొనే అవకాశమున్న ఎంక్వైరీ. చిన్న షాపుల లెక్కలు చూసే పని నాది కాబట్టి, "ఏది తీసుకోవాలో నువ్వే చూసి చెప్పు" అని ఆ బాధ్యత నా మీద పెట్టాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏది తీసుకోవాలో తేల్చాల్సింది బావ కాదు, నేనూ కాదు, డెమో చూపించడానికి వచ్చిన కుర్రాడు అసలే కాదు. పొద్దున షాపు తెరిచిన దగ్గర్నుంచి రాత్రి షట్టర్ దించేదాకా ఫోన్లు ఎత్తే అమ్మాయి తేల్చాలి. యజమాని చేయాల్సిన పని వేరే ఉంది, అక్కడికీ వస్తాను. పదిమంది లోపు పనిచేసే ఏ వ్యాపారానికైనా ఇదే సరైన దారి అని నా నమ్మకం.

లాంగ్ నోట్‌బుక్‌లో ఏముంది

ఆ షాపులో ఇప్పటిదాకా నడుస్తున్నది ఒక లాంగ్ నోట్‌బుక్. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆ పక్కన నాలుగు ముక్కల్లో సంగతి. ఒక పూట ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఆమె మాట్లాడేది విన్నాను. ఫోన్ మోగింది. దుగ్గిరాల దగ్గర ఊరి నుంచి ఎవరో పెద్దాయన. నమస్కారం అయ్యాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "బాబాయిగారూ, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తోందండీ?"

ఎన్ని కిలోవాట్లు కావాలని అడగలేదు. బిల్లు ఎంత వస్తోందనీ అడగలేదు. నేను కారణం అడిగితే చెప్పింది. ఊళ్లలో చాలా ఇళ్లకు మీటరు ఇంకా తండ్రి పేరు మీదో తాత పేరు మీదో ఉంటుంది. ఆయన పోయి చాలా ఏళ్లయినా బిల్లు ఆయన పేరు మీదే వస్తుంది, కొడుకులు కడుతూనే ఉంటారు. సోలార్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడు బిల్లులో పేరు, ఆధార్‌లో పేరు, సబ్సిడీ పడాల్సిన బ్యాంకు ఖాతా పేరు కలవకపోతే బండి అక్కడే ఆగుతుంది. ముందు డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో, పేరు మార్పించుకోవాలి. ఈ సంగతి మొదటి ఫోన్‌లోనే తేలితే ఆ రోజే ఆ పని మొదలవుతుంది. అడ్వాన్స్ తీసుకున్నాక తేలితే, షాపువాళ్లు డబ్బు పట్టుకుని తిప్పిస్తున్నారని ఊరంతా చెప్పుకుంటారు.

నేను చూసిన ఏ డెమోలోనూ ఈ గడి లేదు. "ఇండస్ట్రీ" ఉంది, "యాన్యువల్ రెవెన్యూ" ఉంది, "లీడ్ సోర్స్" ఉంది. మనకు కావలసిన గడి మనమే పెట్టుకోవచ్చు కదా అంటారు, నిజమే, ఈ రోజుల్లో దాదాపు ప్రతి సీఆర్‌ఎంలోనూ ఆ వీలుంది. కానీ ఆ గడి కావాలని అడగాలంటే దాని విలువ ముందు తెలిసుండాలి. బావకు తెలియదా అంటే తెలుసు, కానీ డెమో జరుగుతున్న గంటలో ఆయనకు అది తట్టలేదు. ఆయన కళ్లన్నీ ఈ నెల ఎన్ని లీడ్లు, ఎన్ని కొటేషన్లు, ఎంత టర్నోవర్ అని రంగురంగుల్లో చూపించే డ్యాష్‌బోర్డు మీదే ఉన్నాయి. ఆ అమ్మాయి ఆ గదిలోనే లేదు. బయట కస్టమర్ల ఫోన్లు ఎత్తుతోంది.

నోట్‌బుక్‌లో ఇంకో సంగతి నన్ను ఆపేసింది. మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలి అన్న చోట తేదీలు తక్కువ. "ధాన్యం డబ్బులు పడ్డాక." "ఆషాఢం వెళ్లాక." "అబ్బాయి డల్లాస్ నుంచి సంక్రాంతికి వస్తాడు, అప్పుడు." "పక్కింటివాళ్లకి బిగించాక చూసి చెబుతారు." డెల్టాలో కొనేవాళ్ల లెక్క ఇలాగే ఉంటుంది. వాళ్లు ఎప్పుడు కొంటారన్న దానికి ఇంతకంటే నమ్మకమైన సమాచారం మరొకటి దొరకదు.

డెమోలో చూసిన ఒక ఫారం మాత్రం "ఎక్స్‌పెక్టెడ్ క్లోజింగ్ డేట్", అంటే అమ్మకం ఖాయమవుతుందనుకునే తేదీ, నింపకపోతే సేవ్ కానని మొరాయించింది. "ఏదో ఒక తేదీ వేయండి సార్, తర్వాత మార్చుకోవచ్చు" అన్నాడు చూపించే అతను. ఈ ఒక్క సలహా చాలు మొత్తం వ్యవహారం చెడిపోవడానికి. వేసే తేదీ ఉత్తుత్తిదని ఆ అమ్మాయికి తెలుసు. వచ్చే నెల ఇన్ని ఆర్డర్లు వస్తాయని బావకు కనపడే గ్రాఫు మాత్రం ఆ ఉత్తుత్తి తేదీల మీదే నిలబడుతుంది. దాన్ని నమ్మి ఆయన ప్యానెళ్లకు, ఇన్వర్టర్లకు ముందుగా డబ్బు కట్టేస్తే?

ఈ సాఫ్ట్‌వేర్ ఎవరి కోసం పుట్టింది

దీని వెనక కొంత చరిత్ర ఉంది. 1987లో డల్లాస్‌లో ఇద్దరు అమ్మకాల మనుషులు యాక్ట్ అనే ప్రోగ్రాం తెచ్చారు. ఎవరితో ఏం మాట్లాడాం, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి అన్నది అమ్మే మనిషి తన కోసం తాను రాసుకునే పుస్తకం లాంటిది అది. తర్వాత, ఒకప్పుడు ఒరాకిల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసిన టామ్ సీబెల్ 1993లో పెట్టిన సీబెల్ కంపెనీ పెద్ద సంస్థల కోసం ఇలాంటిదే చేసింది. వందలమంది సేల్స్‌వాళ్లు ఏం చేస్తున్నారో, ఈ త్రైమాసికానికి ఎంత వస్తుందో పైవాళ్లకు తెలియాలి. అదీ అక్కడి అవసరం. 1999లో వచ్చిన సేల్స్‌ఫోర్స్ అదే పనిని ఇంటర్నెట్ మీద నెలవారీ చందాకు ఇచ్చింది. సీబెల్‌ను 2006లో ఒరాకిలే కొనేసింది.

ఈనాడు మార్కెట్లో ఉన్నవాటిలో చాలావరకు ఈ రెండో దారిలో వచ్చినవే. అందుకే నింపే బరువంతా కింద పనిచేసేవాళ్ల మీద పడుతుంది, చూసే సుఖమంతా పైన ఉన్నవాళ్లకు దక్కుతుంది. వందలమంది ఉన్న కంపెనీలో ఇది నడుస్తుంది, నింపకపోతే ఇన్సెంటివ్ ఆగిపోతుందని భయం ఉంటుంది కాబట్టి. బావ షాపులో ఫోన్ దగ్గర ఒకమ్మాయి, సైట్ విజిట్లకు వెళ్లే ఒక కుర్రాడు, ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లు. వాళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ వల్ల తమ పని తేలికవ్వాలి. తేలికవ్వకపోతే కొన్నాళ్లు మొహమాటానికి నింపి, తర్వాత మళ్లీ నోట్‌బుక్ తీస్తారు. నేను లెక్కలు చూసే ఒక షాపులో ఏడాది చందా ముందే కట్టారు. లోపల చూస్తే మొదటి నెల ఎంట్రీలు నిండుగా ఉన్నాయి, ఆ తర్వాత ఖాళీ. ఆ ఖర్చు మాత్రం నా ఖాతా పుస్తకంలో పన్నెండు నెలలూ కనపడుతుంది.

బావ మాటలో ఉన్న నిజం

అయితే బావ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. నోట్‌బుక్ ఆ అమ్మాయి చేతిలో ఉన్నంతసేపే మాట్లాడుతుంది. చెల్లెలి పెళ్లికని ఆమె సెలవు పెట్టిన రోజుల్లో ఏం జరిగిందో చూడండి. "వెంకటేశ్వరరావు గారు, స్ట్రక్చర్ కొలతలు" అని రాసి ఉంది. టెక్నీషియన్ కొల్లిపర వెళ్లాడు. వెళ్లాల్సింది వేమూరు. ఆ రెండు ఊళ్లలోనూ ఆ పేరున్న కస్టమర్లు ఉన్నారు. ఆమె ఉంటే "పచ్చ గేటు ఆయన కాదు, రామాలయం సందులో ఆయన" అని ఒక్క ముక్కలో చెప్పేది. ఆ తేడా ఆమె బుర్రలో తప్ప ఎక్కడా లేదు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. అంతకుముందు సైట్ విజిట్లు చూసిన కుర్రాడు మానేసి వేరే చోట చేరాడు. కస్టమర్లందరూ అతని సొంత సిమ్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేసేవాళ్లు. అతను వెళ్లాక చాలా రోజులపాటు షాపుకు ఫోన్లు తగ్గిపోయాయి. ఎందుకు తగ్గాయో వేరే చెప్పక్కర్లేదు.

అంటే యజమానికి దిగులు ఉండడం న్యాయమే. కస్టమర్ల వివరాలు వ్యాపారానికి ఆస్తి. అవి ఒకరి బుర్రలోనో ఒకరి సిమ్‌లోనో ఉండకూడదు. ఇక్కడే యజమాని పని వస్తుంది. హద్దులు గీయాల్సింది ఆయన. షాపు పేరు మీద ఉన్న నంబరుతోనే మాట్లాడాలి. ఎవరు ఏం చూడొచ్చు, ఎవరు చెరపొచ్చు అన్నది ఆయన చేతిలో ఉండాలి. నెలకు ఇంతకు మించి ఖర్చు పెట్టలేనని చెప్పాలి. కావలసినప్పుడు మొత్తం సమాచారం బయటికి తీసుకోగలగాలి. ఈ నాలుగింటికీ లోబడి ఉన్నవాటిలో ఏదన్నది ఆ అమ్మాయి ఎంచుకోవాలి.

"అలా వదిలేస్తే ఎక్సెల్ చాలంటుంది" అన్నాడు బావ. అనొచ్చు. అంటే తప్పేమిటని కొంతసేపు ఆలోచించాను కూడా. రోజుకు నాలుగు ఎంక్వైరీలొచ్చే షాపుకు గూగుల్ షీట్ చాలు, డబ్బు దండగ అక్కర్లేదు. కానీ ఇద్దరు ముగ్గురు ఒకే షీట్ మీద పనిచేసే చోట ఒక ప్రమాదం ఉంది. ఎవరో ఒకరు పేర్ల వరసను మాత్రమే అక్షరక్రమంలో పెట్టి, పక్క వరసలను కలపడం మరిచిపోతారు. అప్పుడు ఒకరి పేరు పక్కన మరొకరి నంబరు వచ్చి కూర్చుంటుంది. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే వీలుంది గానీ, తప్పు జరిగిందని తెలియడానికే రెండు రోజులు పడితే ఆ మధ్యలో రాసినవన్నీ చిక్కులో పడతాయి. పైగా ఫలానా రోజు ఫలానావాళ్లకు ఫోన్ చేయమని షీట్ తనంతట తాను గుర్తుచేయదు. ఈ మాటే ఆ అమ్మాయికి చెబితే, "గుర్తుచేసేది ఉంటే నాకదే చాలండీ, రాత్రి పడుకున్నాక కూడా ఎవరికి చేయలేదో అని టెన్షన్" అంది. ఎక్సెల్ అంటుందని బావ అనుకున్న మనిషి అడిగింది అది.

మేనల్లుడి సలహా

మా ఇళ్లలో ఐటీవాళ్లకు కరువు లేదు కాబట్టి, హైదరాబాద్‌లో సేల్స్‌ఫోర్స్ అడ్మిన్‌గా చేస్తున్న మేనల్లుడు కూడా రంగంలోకి దిగాడు. అమీర్‌పేటలో కోర్సు చేసి, కష్టపడి పైకొచ్చిన పిల్లాడు. "మామయ్యా, అందులో చేయలేనిదంటూ లేదు" అన్నాడు. నిజమే. కానీ దాన్ని చూసుకోవడానికే ఒక ఉద్యోగం ఉందంటే, ఆ ఉద్యోగి లేని చోట అది ఎలా నడుస్తుంది? పండక్కి ఇంటికొచ్చినప్పుడు వాడు సెట్ చేసి పెడతాడు. ఆ తర్వాత పథకం నియమం ఒకటి మారి కొత్త గడి పెట్టాల్సి వస్తే వాడికి ఫోన్ చేయాలి, వాడు ఆఫీసు కాల్‌లో ఉంటాడు. గడిని తానే చేర్చుకోగలగాలి, అక్కర్లేనిది తానే దాచేయగలగాలి. ఫోన్ దగ్గర కూర్చున్న మనిషికి ఈ స్వేచ్ఛ ఇవ్వనిది ఎంత గొప్పదైనా చిన్న షాపుకు పనికిరాదు.

చిన్నవాళ్ల కోసమే చేసినవి ఇప్పుడు బాగానే ఉన్నాయి, వాటిలో కొన్ని మన పక్క రాష్ట్రం నుంచే వచ్చాయి. చెన్నై జోహో 2005 నుంచి సీఆర్‌ఎం అమ్ముతోంది, 2020లో బిగిన్ అని చిన్న వ్యాపారాల కోసం విడిగా ఒకటి తెచ్చింది. 2010లో చెన్నైలోనే మొదలై 2021లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌కు ఎక్కిన ఫ్రెష్‌వర్క్స్ ఉంది. అమెరికా హబ్‌స్పాట్ 2014 నుంచి ఉచితంగా ఒకటి ఇస్తోంది. కోడ్ తెలిసిన మనిషి దగ్గరుంటే ముంబై ఫ్రాపే వాళ్ల ఓపెన్ సోర్స్ సరుకు, అంటే కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగేది, ఉంది. పేర్ల పట్టిక ఇంతకంటే పెంచను. వీటిలో ఏదైనా పనిచేస్తుంది, ఏదైనా మూలన పడుతుంది. తేడా తెచ్చేది నింపే మనిషే.

అడ్వాన్స్ తీసుకున్నాకే అసలు పని

చాలా సీఆర్‌ఎంలలో మొదట ఇచ్చే మెట్లు అమ్మకంతో అయిపోతాయి. ఎంక్వైరీ, మాటలు, కొటేషన్, గెలిచాం లేదా పోయింది. గెలిచిన కస్టమర్ వివరాలున్న కార్డు పచ్చగా మారి తెర మీద నుంచి తప్పుకుంటుంది.

సోలార్‌లో అడ్వాన్స్ తీసుకున్నాకే కస్టమర్ ఫోన్లు ఎక్కువవుతాయి. పథకం పోర్టల్‌లో దరఖాస్తు, డిస్కం అనుమతి, కావలసినవాళ్లకు బ్యాంకు లోను, స్ట్రక్చర్, ప్యానెళ్లు, ఇంటి నుంచి బయటికెళ్లే కరెంటునూ లెక్కకట్టే నెట్ మీటరు, తనిఖీ, చివరికి సబ్సిడీ. మూడు కిలోవాట్లు పెట్టుకున్నవాళ్లకు 78,000 రూపాయలు రావాలి. అది ఖాతాలో పడేదాకా "అమ్మా, మా డబ్బులు పడలేదేంటమ్మా" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆ ఫోన్‌కు ఎలా జవాబిచ్చారన్న దాన్ని బట్టే పక్కింటివాళ్లు కొంటారో లేదో తేలుతుంది. ఈ పథకం కింద బిగించినవాళ్లు ఐదేళ్లు మెయింటెనెన్స్ కూడా చూడాలి. అంటే గెలిచామని పచ్చరంగు వేసి దాచేసిన కార్డుతో ఐదేళ్లు పని ఉంది.

పోర్టల్ దగ్గర కస్టమర్ ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఓటీపీ ఫోన్లో ఎవరికీ చెప్పొద్దని అందరూ చెబుతున్న రోజులివి, అది మంచిదే. అందుకే బావ షాపులో ఓటీపీ ఫోన్లో అడగరు. మనిషి ఇంటికి వెళ్లి, వాళ్ల ముందే నింపుతాడు. ఎవరు వస్తున్నారో, ఎన్నింటికి వస్తున్నారో ముందే ఫోన్ చేసి చెప్పేది ఈ అమ్మాయి. ఆమె గొంతు గుర్తుపట్టాకే వాళ్లు తలుపు తీస్తారు. కొనబోయే సాఫ్ట్‌వేర్‌లో అమ్మకానికి ఒక వరస మెట్లు, బిగింపుకు ఇంకో వరస మెట్లు పెట్టుకునే వీలుందా అన్నది చూడమని ఆమే చెప్పింది. బిగిన్ లాంటివాటిలో ఆ వీలుంది. కొన్నిటిలో దానికి పై ప్లాన్ కొనాలి.

ఒకే ఇల్లు మూడు కస్టమర్లయిన సంగతి కూడా చెప్పాలి. తండ్రి షాపుకు ఫోన్ చేశాడు. హైదరాబాద్ కూతురు వెబ్‌సైట్‌లో నంబరు ఇచ్చింది. డల్లాస్ కొడుకు వాట్సాప్‌లో అడిగాడు. ట్రయల్‌లో పెట్టిన సాఫ్ట్‌వేర్ ఫోన్ నంబరును బట్టి మనిషిని గుర్తుపడుతుంది కాబట్టి ముగ్గురినీ మూడు లీడ్లుగా రాసుకుంది. షాపు నుంచి ఇద్దరు మాట్లాడి రెండు ధరలు చెప్పారు. ఆ రాత్రి ఆ ఇంట్లోవాళ్లు ముగ్గురూ మాట్లాడుకున్నాక మర్నాడు పొద్దున్నే తండ్రి ఫోన్ చేసి అడిగిన తీరుకు ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. పరిష్కారం ఆమె దగ్గరే దొరికింది. "ఇల్లు ఒకటే కదండీ, కరెంటు సర్వీస్ నంబరు ఒకటే ఉంటుంది. దాంతో వెతికితే చాలు." అప్పటి నుంచి మొదటి ఫోన్‌లోనే బిల్లు ఫొటో పంపమని అడుగుతోంది. పేర్లతో వెతకడం ఎలాగూ కుదరని పని. వెంకటేశ్వరరావు అన్న పేరునే ఇంగ్లిషులో మధ్యలో హెచ్ పెట్టి రాసేవాళ్లు కొందరు, పెట్టకుండా రాసేవాళ్లు కొందరు, రావును విడగొట్టేవాళ్లు కొందరు.

వాట్సాప్, ఆధార్ కాపీలు

మన కస్టమర్ ఉండేది వాట్సాప్‌లో. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో లేబుళ్లు ఉన్నాయి, రెడీమేడ్ జవాబులు ఉన్నాయి, చిన్న షాపుకు అది చాలాకాలం సరిపోతుంది. సీఆర్‌ఎంతో కలపాలంటే ఏపీఐకి, అంటే వేరే సాఫ్ట్‌వేర్ వాట్సాప్‌తో మాట్లాడే దారికి, వెళ్లాలి. అక్కడ కస్టమర్ మెసేజ్ పెట్టిన 24 గంటల్లోపు మామూలుగా జవాబివ్వొచ్చు, ఆ తర్వాత వాట్సాప్ నుంచి ముందే అనుమతి పొందిన టెంప్లేట్ మెసేజే పంపాలి. 2025 జూలై నుంచి టెంప్లేట్లకు మెసేజ్ చొప్పున లెక్క కడుతున్నారు. ప్రచారం మెసేజ్‌కు ఎక్కువ, పని సంగతి తెలిపే మెసేజ్‌కు తక్కువ. ఈ ఖర్చు సీఆర్‌ఎం చందాకు అదనం. డెమోలో దీన్ని చివర్న, హడావుడిగా చెబుతారు. నంబరు ఏపీఐకి మార్చాక అదే నంబరుతో ఫోన్లో యాప్ కూడా నడుస్తుందా అని తప్పకుండా అడగాలి. ఎందుకంటే ఆ అమ్మాయి పనంతా ఆ యాప్‌లోనే.

నాకు ఎక్కువ దిగులు కలిగించింది వేరే. కస్టమర్లు పంపిన ఆధార్ కాపీలు, పాస్‌బుక్ మొదటి పేజీలు టెక్నీషియన్ల సొంత ఫోన్ల గ్యాలరీల్లో, పిల్లల పుట్టినరోజు ఫొటోల మధ్య పడి ఉన్నాయి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి, దశలవారీగా అమలవుతుంది. చట్టం సంగతి అటుంచినా, మనల్ని నమ్మి ఆధార్ ఇచ్చిన మనిషిది అలా నాలుగు ఫోన్లలో తిరగడం ఏం మర్యాద? సీఆర్‌ఎంకు డబ్బు పెట్టడానికి నాకు కనపడిన గట్టి కారణాల్లో ఇదొకటి. కాగితం కస్టమర్ కార్డుకే అంటుకుని ఉండాలి, పని అయ్యాక తీసేయగలగాలి.

ధర దగ్గర ఒక మాట

ధర మనిషికి ఇంత అని ఉంటుంది. అందుకని చాలా షాపుల్లో ఒకే లాగిన్ అందరూ వాడతారు. ఇది పొదుపు కాదు. ఎవరు మాట్లాడారో, ఎవరు ఏ ధర చెప్పారో తెలియకపోతే కొన్న ప్రయోజనమే పోతుంది. అందరికీ లాగిన్ ఇవ్వలేకపోతే ఫోన్ చూసేవాళ్లకు, సైట్‌కు వెళ్లేవాళ్లకు ఇచ్చి, టెక్నీషియన్లకు రోజూ పొద్దున పని జాబితా పంపితే సరిపోతుంది. ముగ్గురి దాకా ఉచితం లాంటి ప్లాన్లు ఉన్నాయి, కొనేముందు వాటితో మొదలుపెట్టొచ్చు.

చందా మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మామూలు జీఎస్టీలో ఉన్నవాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్ కింద దాన్ని తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, చిన్నవాళ్లకున్న కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లకు అది పూర్తి ఖర్చు. విదేశీ కంపెనీ అక్కడి నుంచే డాలర్లలో బిల్లు వేస్తే రివర్స్ ఛార్జి కింద పన్ను మనమే కట్టాలి. కొనేముందు మీ లెక్కల మనిషిని ఒక్కసారి అడగండి. రిటర్నుల గడువు ముందు రోజు ఈ బిల్లు చూపిస్తే మాకు ఎంత ఇబ్బందో నాకు తెలుసు.

ట్రయల్ ఎవరి చేతిలో పెట్టాలి

ఉచిత ట్రయల్ ఇచ్చినప్పుడు యజమానులు ఆదివారం ఇంట్లో కూర్చుని నొక్కి చూస్తారు. అప్పుడు ఫోన్లు మోగవు, అన్నీ సాఫీగానే కనిపిస్తాయి. బావను ఒప్పించి, సోమవారం పొద్దున ఆ అమ్మాయి ముందు పెట్టించాం. ఒక చెవిలో ఫోన్, ఎదురుగా కౌంటర్ దగ్గర ఇంకో మనిషి, అలాంటప్పుడు ఎంట్రీ వేయగలుగుతుందా? నాకు బాగా నచ్చినదాన్ని ఆమె మొదటి పూటలోనే వద్దంది. రాసుకునే పెద్ద పెట్టె కోసం కిందికి కిందికి జరపాలి, అప్పటికి అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తారు అంది. తను ఎంచుకున్నదాంట్లో కార్డు తెరవగానే పైన సర్వీస్ నంబరు, దాని కింద బిల్లు ఎవరి పేరు మీద, ఆ కింద పెద్ద పెట్టె. మిగతావన్నీ దాచేసింది. తేదీ గడిని "మళ్లీ ఫోన్" అని మార్చుకుంది. ధాన్యం డబ్బులన్నవాళ్లకు జనవరిలో ఒక తేదీ వేసి, పెట్టెలో కారణం రాసుకుంటోంది. సైట్‌కు వెళ్లే కుర్రాడు మేడ మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో తన పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరిచి చూశాడు, నెమ్మదిగానైనా తెరుచుకుంది. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివినవాళ్లు నేరుగా వెళ్లి అదే కొంటారు, వాళ్ల షాపులో ఫోనెత్తే మనిషిని అడగరు.

బావకు, నాకు ఇంకా తెగని గొడవలు రెండున్నాయి. సైట్‌కు వెళ్లినవాళ్లు ఎక్కడున్నారో మ్యాప్‌లో కనపడే సదుపాయం కావాలంటాడు. పని ముందుకు నడిచిందో లేదో కార్డు చూస్తే తెలుస్తుంది, మనుషుల వెంట పడటం ఎందుకని నేనంటాను. రెండోది ఆ అమ్మాయి జీతం. రిసెప్షన్ అని చెప్పి చేర్చుకున్నారు, ఇప్పుడు వ్యాపారం మొత్తం ఆమె రాసే కార్డుల మీద నడుస్తోంది. దానికి తగ్గట్టు పెంచాలని గట్టిగానే చెప్పాను. చందాకు బడ్జెట్ వేసిన కాగితం మీదే ఇదీ వేయమన్నాను. దసరా తర్వాత చూద్దామన్నాడు. ఆమె నోట్‌బుక్ పద్ధతిలోనే నేనూ దాన్ని రాసి పెట్టుకున్నాను.

చందా మాత్రం నెలవారీగానే కడుతున్నాం. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు ఉంది, ఇప్పుడే వద్దన్నాను. డబ్బు కట్టేముందు ఆఖరి పరీక్ష ఒకటి చేయించాను. లోపల ఉన్నదంతా ఎక్సెల్‌లోకి దింపి చూడటం. పేర్లు, నంబర్లు ఒక ఫైలులో వచ్చాయి, ఆమె రాసుకున్న నోట్స్ రాలేదు. వాటికి విడిగా ఇంకో ఎక్స్‌పోర్ట్ ఉంది, దాంట్లో కస్టమర్ పేరుకు బదులు ఒక పొడుగాటి అంకె ఉంది. రెండు ఫైళ్లనూ ఆ అంకెతో కలిపితే సరిపోయింది. కలపడం నేర్పించాను. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆమే దింపి బావకు మెయిల్ చేస్తోంది.